గేదెను అమ్మేశాక మిగిలిన అన్నం: కోనసీమలో ఒక ఇంటి కేసు

ఈ ఫైలు మొదలుపెట్టినప్పుడు అట్ట మీద ఒక మనిషి పేరు రాశాను. ఆర్నెల్ల తర్వాత ఆ పేరు కొట్టేసి ఇంటి నంబరు రాసుకున్నాను. ఎందుకు మార్చుకోవాల్సి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇంటివాళ్ళు సరేనన్నాకే రాస్తున్నాను. ఊరి పేరు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. గోదావరి పాయ వైనతేయ గట్టుకు దగ్గర్లో, ముందు కొబ్బరితోటలు, వెనక వరిచేలు ఉన్న ఊరు అనుకుంటే చాలు.

నాది పోషకాహార పరిశోధన. 1990లలో జాతీయ పోషకాహార పర్యవేక్షణ బ్యూరో సర్వే జట్టులో కింది మెట్టు ఉద్యోగిగా చేరాను. 1972లో మొదలై 2015 దాకా నడిచిన వ్యవస్థ అది. భుజాన తూకం, చేతిలో ఎత్తు కొలిచే కర్ర, సంచిలో కొలత గిన్నెలు పట్టుకుని ఊరూరా తిరిగేవాళ్ళం. ఇంటావిడ ముందు కూర్చుని, "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం వండారు, ఎవరెంత తిన్నారు?" అని అడిగి ఆ గిన్నెలతో చూపించమనేవాళ్ళం. మా కళ్ళు బక్కపిల్లల కోసం, రేచీకటి కోసం, పాలిపోయిన కనురెప్పల కోసం వెతికేవి. ఒళ్ళున్న మనిషి ఎదురైతే 'ఈ ఇంట్లో తిండికి లోటు లేదు' అనుకుని చప్పున పక్కింటికి వెళ్ళిపోయిన రోజులున్నాయి. ఈ వృత్తిలో నేను దిద్దుకోవాల్సి వచ్చిన మొదటి తప్పు అదే.

తర్వాత చాలా ఏళ్ళకు ఊబకాయం మీద డెల్టాలో పని చేస్తానని ఒక ప్రతిపాదన పెట్టుకుంటే, ఒక పెద్దాయన, "అన్నపూర్ణలాంటి జిల్లాల్లో పోషకాహార సమస్య ఏమిటమ్మా?" అన్నారు. ఆ మాట నన్ను చాలాకాలం బాధపెట్టింది. ఎందుకంటే లెక్కలు అప్పటికే వేరేగా చెబుతున్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ తదితర సంస్థలు కలిసి 45 ఊళ్ళలో మరణాల కారణాలు రాశాయి. 2003-04లో జరిగిన 1,354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. అదే ప్రాంతంలో 30 ఏళ్ళు దాటినవాళ్ళలో 13.2 శాతం మందికి మధుమేహం ఉందని 2006లో అచ్చయింది. ఇవన్నీ పల్లెటూళ్ళ లెక్కలు, పట్నాలవి కావు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మందికి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే అంకె) 25 గానీ అంతకు మించి గానీ ఉంది, అంటే ఉండాల్సిన బరువుకంటే ఎక్కువ. దేశం మొత్తానికి అది 24 శాతం. అదే సర్వేలో మన రాష్ట్రం ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత. ఈ రెండు అంకెలూ వేరువేరు ఆడవాళ్ళవని చదివేవాళ్ళు అనుకుంటారు. చాలాసార్లు రెండూ ఒకే మనిషివి. మా కేసు అలాంటిదే.

మొదటిసారి వెళ్ళడం

2022 జూలైలో గోదావరికి పెద్ద వరద వచ్చింది. నీళ్ళు తీశాక, ఆగస్టులో, లంక ఊళ్ళలో పిల్లల తూకాలు చూడడానికి వెళ్ళాం. ఈ ఇల్లు మా జాబితాలో లేదు. ఆశా కార్యకర్త చేయిపట్టుకుని తీసుకెళ్ళింది: "ఆవిడకి మెట్లెక్కితే ఆయాసం వస్తందండి, ఓసారి చూడండి మేడంగారూ."

కోడలికి 46 ఏళ్ళు. ఎత్తు 151 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు, బీఎంఐ 31. నడుము చుట్టుకొలత 96. రక్తపోటు 138/86. మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సీ 6.3, అంటే మధుమేహం గడప దగ్గర. హిమోగ్లోబిన్ 9.8. ఆయాసానికి సగం కారణం ఆ చివరి అంకె. ఒళ్ళు చూసినవాళ్ళెవరూ ఆవిడకు రక్తం తక్కువని ఊహించరు. ఆవిడ కూడా ఊహించలేదు.

పని నేర్చుకునేవాళ్ళ కోసం ఇక్కడొక మాట. మన దగ్గర నడుము కొలతలో తప్పులు ఎక్కువగా లంగా బొందు దగ్గరే జరుగుతాయి. ముప్పై ఏళ్ళుగా బొందు కట్టిన చోట పడిన గాడిలోకి టేపు దానంతటదే జారుతుంది. కొలవాల్సింది అక్కడ కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక కొలవాలి. గాడిలో కొలిస్తే ఈవిడ కొలత నాలుగు సెంటీమీటర్లు తక్కువొచ్చింది. మన ఆడవాళ్ళకు హద్దు 80, మగవాళ్ళకు 90. హద్దు దగ్గరున్న మనిషి విషయంలో నాలుగు సెంటీమీటర్లంటే జబ్బు ఉందా లేదా అన్నంత తేడా.

నిన్నటి తిండి అడిగాను. పొద్దున మూడు ఇడ్లీలు, మధ్యాహ్నం 'రెండు గరిటెల' అన్నం, రాత్రి 'ఏదో కొంచెం'. గిన్నెలతో చూపిస్తే రోజుకు 220 గ్రాముల బియ్యానికి సరిపోయింది. ఆ తిండికి ఆ బరువు నిలవదు. ఆవిడ దాస్తోందనుకున్నాను. "నోరు కట్టుకోవాలమ్మా, లేకపోతే రేపు ఇన్సులిన్ దాకా వెళ్తావు" అన్నాను. అత్తగారి ముందు, కొడుకు ముందు అన్నాను. ఆవిడ తల వంచుకుని, "ఆయ్, అలాగేనండి" అంది. ఆ తర్వాత ఆర్నెల్లు మేం ఎప్పుడు వెళ్ళినా, తోటలో ఉందనో పుట్టింటికెళ్ళిందనో కబురొచ్చేది.

ఆ ఆర్నెల్లూ నా వల్ల పోయినవే. ఆవిడ అబద్ధం చెప్పలేదు. నేనడిగిన ప్రశ్నకు సరైన జవాబే చెప్పింది.

మూడు రోజుల తూకం

2023 ఫిబ్రవరిలో మళ్ళీ వెళ్ళాను. ఈసారి వంటింట్లోకి వెళ్ళి కోడలి అత్తగారు, మామ్మగారి పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. మూడు రోజులు, పొద్దున్నుంచి రాత్రి దాకా, బియ్యం పొయ్యి మీదికి వెళ్ళేముందు, అన్నం వార్చాక, ప్రతి పళ్ళెంలో పెట్టాక, ప్రతి పూటా గిన్నెలో మిగిలాక తూచాం. శ్రమతో కూడిన పని. వండేవాళ్ళకు విసుగు కూడా. కానీ అడిగి తెలుసుకునే పద్ధతిలో జారిపోయేవి తూకంలో జారిపోవు.

ఆ ఇంట్లో బియ్యం ఇప్పటికీ ఇత్తడి తవ్వతోనే కొలుస్తారు. ఊరూరికీ కొలతలు మారతాయి గనక ఆ తవ్వనే తూచాను. తలకొట్టి పోస్తే 480 గ్రాములు. మధ్యాహ్నానికి రెండు తవ్వలు, రాత్రికి తవ్వ. రోజుకు 1,440 గ్రాములు, ఐదుగురికి. మూడు రోజుల సగటు తీస్తే ఇంటాయన 370, కొడుకు 350, ఇంటర్ చదివే కూతురు 220, మామ్మగారు 140, కోడలు 360.

కూడి చూడండి. పొయ్యి మీదికెక్కిన గింజల్లో ఒక్కటీ బయటకు పోలేదు.

కోడలు ముందు చెప్పిన 220కీ తూకంలో తేలిన 360కీ మధ్య 140 గ్రాముల బియ్యం. అంటే సుమారు 500 కిలోకేలరీలు. ఎక్కడుందో మూడు రోజులూ నా కళ్ళముందే జరిగింది. అందరూ తిన్నాక మిగిలిన అన్నంలో ఇంత చారు పోసుకుని నిలబడే తినేది. నాలుగింటికి గిన్నె తోమేముందు అడుగున ఉన్నదాన్ని మజ్జిగతో కలిపి తాగేది. పొద్దున్నే రాత్రి అన్నంలో ఆవకాయ కలుపుకుని రెండు ముద్దలు. ఆ పైన అందరితోపాటు ఇడ్లీ. అప్పుడడిగాను, "ఇది నాకు మొన్న చెప్పలేదేమ్మా?" అని.

"అది తినడం కాదండీ, గిన్నె ఖాళీ చేయడం" అంది.

అన్నం పారెయ్యకూడదని పెరిగిన మనిషి ఆవిడ. మనమందరం అంతే. మరి ఇదివరకు మిగిలింది ఎక్కడికి పోయేదని అడిగితే మామ్మగారు పెరటివైపు చెయ్యి చూపించారు. అక్కడ కుడితి తొట్టి బోర్లించి ఉంది. ఎనిమిదేళ్ళ కిందట రెండు గేదెల్ని అమ్మేశారు. అంతకు రెండేళ్ళ ముందు పాలేరు మానేశాడు. మూడెకరాలూ కౌలుకిచ్చేశారు. వరికోత మిషన్లొచ్చాక ఇంటాయన చేలోకి వెళ్ళడమే అరుదు. తవ్వ మాత్రం మారలేదు. ఏడుగురు మనుషులు, రెండు గేదెలు ఉన్నప్పుడు మామ్మగారు పెట్టిన కొలతే ఐదుగురికీ నడుస్తోంది. తొట్టిలోకి పోయే అన్నం కోడలి కడుపులోకి మళ్ళింది. గేదెలతోపాటే గడ్డి మోత, పేడ తీయడం, పాలు పితకడం, మధ్యాహ్నం గంపలో అన్నం పెట్టుకుని గట్టు వెంబడి రెండు కిలోమీటర్లు చేనికి నడవడం, అన్నీ పోయాయి. కష్టం చేసే ఇంటి వంట మిగిలింది, కష్టం పోయింది. ఇందులో ఆవిడ నోటి తప్పు నాకెక్కడా కనిపించలేదు.

ఇల్లంతా కొలిచాను కనుక మిగతావి కూడా బయటపడ్డాయి. మామ్మగారు 146 సెంటీమీటర్లు, 38 కిలోలు, బీఎంఐ 17.8. పళ్ళు లేక, అడిగి పెట్టించుకునే అలవాటు లేక, ఆ అన్నపు కుండ పక్కనే కూర్చుని చిక్కిపోతున్నారు. ఇక కొడుకు. 23 ఏళ్ళు, 168 సెంటీమీటర్లు, 64 కిలోలు. బీఎంఐ 22.7, ఏ పట్టిక చూసినా మామూలే. నడుము 92. పరగడుపు చక్కెర 118. రొయ్యల మేత కంపెనీలో లెక్కలు రాస్తాడు, బండి దిగితే కుర్చీ. మనవాళ్ళలో ఇలాంటి ఒళ్ళు గురించి పుణె కేఈఎం ఆసుపత్రి డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ ఎన్నో ఏళ్ళుగా చెబుతున్నారు. 2004లో ఆయనా, జాన్ యుడ్కిన్ అనే ఇంగ్లండు వైద్యుడూ కలిసి తమ కొలతలే అచ్చువేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. ఆ పేజీ ప్రింటు తీసి కొడుకు చేతిలో పెట్టాను. తల్లి బరువు గురించి అప్పటిదాకా తేలిగ్గా మాట్లాడిన కుర్రాడు ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు.

బక్కమనిషి, లావుమనిషి, చూపులకు మామూలుగా ఉండి లోపల కొవ్వు పట్టిన మనిషి. ముగ్గురికీ ఒకటే కుండ. అట్ట మీద పేరు కొట్టేసింది అప్పుడే.

చేపల సంగతి కూడా రాయాలి. వారంలో మూడు రోజులు చేపో రొయ్యో ఉండే ఇల్లది. ముక్కలు మగవాళ్ళ పళ్ళేల్లోకి, కూతురి పళ్ళెంలోకి వెళ్ళేవి. కోడలికి దక్కేది పులుసు. మూడు రోజుల్లో ఆవిడ పళ్ళెంలో నేను తూచిన చేప ముక్క ఒక్కటి, అదీ తోక. రోజు మొత్తం శక్తిలో దాదాపు 60 శాతం ఆవిడకు ఒక్క అన్నం నుంచే వస్తోంది. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో తృణధాన్యాలన్నీ కలిపి 45 శాతం దాటొద్దని ఉంది. నూనె నెలకు ఆరు లీటర్లు, టీ రోజుకు నాలుగు కప్పులు. వాటి మీద పెద్దగా పోట్లాడలేదు. టీని భోజనానికి గంట దూరం జరపమన్నాను, ఇనుము ఒంటికి పట్టాలి కనుక.

గిద్ద గిద్ద చొప్పున

కోడలికొక్కదానికే డైట్ చార్టు రాసివ్వడం తేలిక. ఈ ఇంట్లో అది పనిచేయదు. కొలత మారనంతకాలం మిగులు ఉంటుంది, మిగులు ఉన్నంతకాలం ఆవిడ తింటుంది. మారాల్సింది తవ్వ. తవ్వ మామ్మగారి చేతిలో ఉంది.

మామ్మగారితో మాట్లాడడానికి నాలుగుసార్లు వెళ్ళాను. బియ్యం తగ్గించమంటే ఆవిడ మొహం మారిపోయింది. ఆవిడ తరంలో బియ్యం 'అయిపోయాయి' అని నోటితో అనరు, 'నిండుకున్నాయి' అంటారు. డొక్కల కరువు కథలు నాయనమ్మల దగ్గర విన్న మనుషులు. 1833లో మనుషులు రాలిపోయిన నేల ఇది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గింజకు లోటు లేకుండా పోయింది. ఆ ఇళ్ళలో కొలత తగ్గించడమంటే కరువును పేరుపెట్టి పిలవడమే. నేను కేలరీల భాషలో చెప్పినంతసేపూ ఆవిడ వినలేదు. వినకపోవడంలో న్యాయం ఉంది.

నాలుగోసారి ఆవిడే దారి చెప్పారు. "కొలత తగ్గకూడదమ్మాయ్. గింజ మారితే మారనీ" అన్నారు. అంటే గిద్దెడు బియ్యం తీసిన చోట గిద్దెడు పెసలో కందిపప్పో పడాలి. మొత్తం గిద్దెల లెక్క అలాగే ఉంటుంది. నేనింత చదువు చదివి ఆలోచించలేని పరిష్కారం. ఆవిడ తవ్వకు ఎనిమిది గిద్దలు, అంటే గిద్దకు 60 గ్రాములు. మార్చి నుంచి పదిహేను రోజులకు ఒక గిద్ద చొప్పున మార్చుకుంటూ వెళ్ళాం. రెండున్నర నెలల్లో ఐదు గిద్దలు మారాయి. మధ్యాహ్నం 960 గ్రాములు 780కి, రాత్రి 480 కాస్తా 360కి దిగాయి. పళ్ళెంలో పప్పు పెరిగింది. చివరి గిద్ద దగ్గర ఇంటాయన గొణిగాడు. వారం ఆగి మళ్ళీ మొదలుపెట్టాం.

ఇంకో ఒప్పందం: అందరూ కలిసి ఒకేసారి తినడం, కుదరని రోజున కోడలి ముక్కలు ముందే వేరే గిన్నెలో తీసి మూతపెట్టడం. దీన్ని కూతురు పట్టుదలగా పట్టుకుంది. మామ్మగారికి రోజూ మెత్తగా ఉడికిన గుడ్డు, మధ్యాహ్నం పెసరపప్పు కలిపిన జావ. కోడలికి పీహెచ్‌సీ నుంచి నులిపురుగుల మందు, ఐరన్ మాత్రలు. మాత్రలంటే వికారమని ఆవిడ మానేయబోతే, ఆ మాత్రలో ఇనుముతోపాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌ను 1945లో లేబొరేటరీలో తయారుచేయించిన యల్లాప్రగడ సుబ్బారావు మన భీమవరంలో పుట్టినవాడేనని చెప్పాను. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆ జబ్బుకు మందు కూడా ఫోలిక్ యాసిడే. "మన భీవరం ఆయనా!" అంది ఆశ్చర్యంగా. మాత్ర రాత్రి పూటకు మార్చుకుని మింగింది.

నడక కుదరలేదు. పనీపాటా లేకుండా ఆడది గట్టు మీద నడిస్తే ఊళ్ళో పదిమందీ ఎక్కడికని అడుగుతారు. చివరికి సాయంత్రం రావిచెట్టు చుట్టూ ప్రదక్షిణలు మొదలుపెట్టింది. అవి ఎవరూ ప్రశ్నించరు. ముప్పై నిమిషాలకు తక్కువ కాకుండా చేసేది. వానాకాలంలో ఆగిపోయేవి.

మధ్యలో కొడుకు అమలాపురం నుంచి షుగర్ ఉన్నవాళ్ళకని 'షుగర్ రైస్' పేరుతో అమ్మే ఖరీదైన బియ్యం సంచి తెచ్చాడు. అది తప్పని నేననలేదు గానీ, వాళ్ళ గాదెలో ఉన్నదేమిటో చెప్పాను. కౌలు కింద వాళ్ళకొచ్చేవి స్వర్ణ ధాన్యం. ఎంటీయూ 7029. మార్టేరు పరిశోధన కేంద్రంలో వసిష్ఠ, మషూరి రకాలను కలిపి తయారుచేసి 1982లో విడుదల చేశారు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాల గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో చక్కెర ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే అంకె) చూస్తే 48 నుంచి 92 దాకా వచ్చింది. అందులో తక్కువ వైపు ఉన్నవాటిలో స్వర్ణ ఒకటి. మన మార్టేరు గింజ ఉండగా సంచికి అంత పోయక్కర్లేదు. కానీ ఏ గింజైనా రెండింతలు తింటే ఆ మేలు పోతుంది. అబ్బాయి రెండో సంచి తేలేదు.

ఏడాది తర్వాత

2024 మార్చి. కోడలి బరువు 66.5, నడుము 90, హెచ్‌బీఏ1సీ 5.9, హిమోగ్లోబిన్ 11.2. మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. కొడుకు బరువు ఒక్క కిలో తగ్గింది, నడుము 92 నుంచి 89కి వచ్చింది, పరగడుపు చక్కెర 104. మామ్మగారు 39.5 కిలోలు. ఆవిడ బరువు పెరగడమే ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది. ఒకే కుండలో చేసిన మార్పు ఒకరిని తగ్గించి ఒకరిని పెంచింది.

సెప్టెంబరులో మళ్ళీ చూస్తే కోడలు 68. ఆ వేసవిలో ఇంట్లో పెళ్ళి జరిగింది, రెండు నెలలు చుట్టాలు, అరిసెలు, కాజాలు, పూతరేకులు. నడుము మాత్రం 91 దగ్గరే ఉంది, చక్కెర 5.9 దాటలేదు. నా జట్టులో కొత్తగా చేరిన అమ్మాయి దిగులుపడింది. చెన్నైలో రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రచురించిన అధ్యయనం తీసి చూపించాను. తిండి, నడక మార్చుకున్నవాళ్ళలో మధుమేహం వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. వాళ్ళ బరువు మాత్రం దాదాపు మారలేదు. మన ఒళ్ళకు తూకం యంత్రం చెప్పేది సగం కథే. అందుకే ఈ కేసులో నేను మొదట చూసేది నడుము, తర్వాత రక్తం, ఆఖరున బరువు.

ఇది ఒక్క ఇల్లు. సొంత పొలం, మాట వినే మామ్మగారు, పట్టుదలున్న కూతురు ఉన్న ఇల్లు. రేషన్ బియ్యం మీద బతికే కూలి ఇంట్లో తీసేయడానికి మిగులే ఉండదు. అక్కడ పప్పు కొనే డబ్బుల దగ్గరే కథ ఆగుతుంది. ఆ ఇళ్ళకు ఇదే పద్ధతి పట్టుకెళ్ళడం అన్యాయం. ఐరన్ మాత్రల వల్ల ఎంత, ముక్కల వల్ల ఎంత అని నేను విడదీయలేను కూడా.

మా సంస్థ పుట్టుక గురించి తరచూ ఆలోచిస్తాను. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒకే గదిలో, విటమిన్ బీ1 లోపంతో వచ్చే బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన పని పెరిగి పెద్దదై హైదరాబాద్ చేరి జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ బెరిబెరి మర పట్టిన తెల్లబియ్యం తినే మన ఉత్తర సర్కారు (కోస్తా) జిల్లాల జబ్బు. నూరేళ్ళ తర్వాత నేను అదే బియ్యం దగ్గర తవ్వ పట్టుకుని కూర్చున్నాను.

ఆ కేసు తర్వాత మా సర్వే పత్రంలో మూడు ప్రశ్నలు చేర్చాం. ఇంట్లో బియ్యం దేనితో కొలుస్తారు? ఆ కొలత ఎవరు, ఎప్పుడు పెట్టారు? మిగిలింది ఎటు పోతుంది? మూడో ప్రశ్నకు జవాబు ఆడవాళ్ళు ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలని కింద రాశాం. మొన్న వెళ్ళినప్పుడు మామ్మగారు తవ్వ నా చేతికిచ్చి మళ్ళీ తూచమన్నారు, చింతపండుతో తోమీ తోమీ అరిగిపోయి ఉంటుందేమోనని. 480 గ్రాములే ఉంది.